చేప మెదడులోని ప్రత్యేక కణాలు: రుజువైన పనులేవి, ఊహలేవి

కడపలో బీఎస్సీ జువాలజీ చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. సొరచేప మెదడు పటంలో అడుగు భాగాన ఒక గీత గీసి శాకస్ వాస్క్యులోసస్ అని పేరు రాయిస్తారు, మరో అధ్యాయంలో మౌథ్నర్ కణాలు అని ఒక్క వాక్యం కనిపిస్తుంది, కానీ ఇవి ఏం పని చేస్తాయో ఎక్కడా చెప్పరు. చేపల మెదడులో ఇలాంటి ప్రత్యేక కణాలు ఇంకేమున్నాయి, వాటి పనులు నిజంగా తేలాయా లేక ఊహలేనా, కాలేజీ లాబులో వీటిని చూసే దారి ఏదైనా ఉందా అని వారు అడిగారు.

కర్నూలులో చాలా ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పి, చేపపిల్లల హేచరీల వారితోనూ కలిసి పనిచేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. మొదటే ఒక కొలమానం పెట్టుకుందాం. ఒక కణం ఆకారం ఎంత విచిత్రంగా ఉన్నా, అది మెదడులో ఎంత కీలకమైన చోట ఉన్నా, వాటిని బట్టి దాని పని తేలినట్టు కాదు. చేప బతికి కదులుతున్నప్పుడు ఆ కణం ఎప్పుడు స్పందిస్తుందో నమోదు చేయాలి, దాన్ని తీసేసినప్పుడు ఏ ప్రవర్తన పోతుందో చూడాలి, ఒక జాతిలో తేలింది మరో జాతిలో నిలుస్తుందో లేదో పరీక్షించాలి. మీరు అడిగిన రెండింటిలో మౌథ్నర్ కణం ఈ మూడు పరీక్షలకూ చాలావరకు నిలిచింది. శాకస్ వాస్క్యులోసస్ కణాల విషయంలో ఒకే జాతిలో గట్టి రుజువు ఉంది, మిగతా జాతుల్లో ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

మౌథ్నర్ కణం పేరు వియన్నాకు చెందిన లూడ్విగ్ మౌథ్నర్ నుంచి వచ్చింది. తర్వాతి కాలంలో కంటి వైద్యుడిగా పేరు తెచ్చుకున్న ఆయన 1859లో చేపల వెన్నుపాము నిర్మాణాన్ని పరిశీలిస్తూ, మిగతా నాడీతంతువుల మధ్య రెండు మాత్రం అసాధారణమైన లావుతో తోక దాకా సాగుతున్నట్టు గుర్తించాడు. ఆ రెండు తంతువులు మజ్జాముఖంలో, అంటే మెదడు వెన్నుపాములోకి మారే చోట, లోపలి చెవి నాడి లోనికి వచ్చే ఎత్తులో, ఎడమ ఒకటి కుడి ఒకటి చొప్పున ఉన్న రెండే రెండు కణాల నుంచి బయలుదేరుతాయి. ఒక్కో కణానికి సమాచారాన్ని అందుకునే రెండు పెద్ద కొమ్మలు, అంటే డెండ్రైట్లు ఉంటాయి. పక్కకు సాగిన డెండ్రైట్ మీద లోపలి చెవి నుంచీ, ఒంటి పక్కన నీటి కదలికను పట్టే పార్శ్వరేఖ నుంచీ వచ్చే తంతువులు ముగుస్తాయి, కిందికి సాగిన డెండ్రైట్‌కు కంటి నుంచి మధ్యమెదడు ద్వారా సమాచారం చేరుతుంది. అంటే శబ్దం, నీటి కదలిక, మీదికి దూసుకొచ్చే నీడ, ఈ మూడూ ఒకే కణం మీద కలుస్తాయి. కణం నుంచి బయలుదేరిన పొడవైన తంతువు, అంటే ఆక్సాన్, మాత్రం తన వైపున దిగదు, వెంటనే మధ్యరేఖ దాటి అవతలి పక్కన వెన్నుపాములోకి దిగుతుంది.

ఈ దాటడంలోనే దాని పని ఇమిడి ఉంది. కుడివైపు నుంచి ప్రమాదం వస్తే కుడి మౌథ్నర్ కణం ఒక్కసారి, సాధారణంగా ఒకే ఒక్క విద్యుత్ ప్రేరణతో స్పందిస్తుంది. ఆ ప్రేరణ ఎడమ వెన్నుపాములో తల నుంచి తోక దాకా ఉన్న చాలక నాడీకణాలను దాదాపు ఏకకాలంలో రగిలిస్తుంది, ఎడమ పక్క కండరాలన్నీ ఒక్కసారిగా ముడుచుకుంటాయి, చేప ఎడమకు వంగి ఇంగ్లీషు సీ అక్షరం ఆకారంలోకి వస్తుంది, దాంతో తల ప్రమాదానికి ఎదురు దిక్కుకు తిరిగిపోతుంది. దీన్నే శాస్త్రవేత్తలు సీ-స్టార్ట్ అంటారు. గోల్డ్‌ఫిష్‌లో శబ్దం తగిలిన క్షణం నుంచి శరీరం వంగడం మొదలయ్యేదాకా పట్టే కాలం సుమారు 10 మిల్లీసెకన్లు. మనిషి రెప్ప వేయడానికి కనీసం 100 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, మనం రెప్పపాటు అనే కాలంలో చేప తన తల తిప్పుకొని అక్కడి నుంచి బయలుదేరి ఉంటుంది.

ఇంత వేగం ఎలా సాధ్యమైందో ఆ కణం నిర్మాణం చూస్తే తెలుస్తుంది. ఆక్సాన్ లావుగా ఉన్నకొద్దీ ప్రేరణ వేగంగా పోతుంది, ఇక్కడ దానిపై మైలిన్ అనే కొవ్వు పొర కూడా మందంగానే ఉంటుంది. లోపలి చెవి నుంచి వచ్చే తంతువులు పక్క డెండ్రైట్ మీద గదలాంటి కొసలతో ముగుస్తాయి, ఆ కొసల్లో రెండు రకాల సంధులు కలిసి ఉంటాయి. ఒకటి గ్లుటమేట్‌తో నడిచే రసాయన సంధి, రెండోది విద్యుత్తు నేరుగా దాటిపోయే సంధి. రసాయనం విడుదలై అవతలి పొరను తాకేదాకా ఆగే వ్యవధి కూడా విద్యుత్ సంధిలో ఉండదు. ఇక ఆక్సాన్ మొదలయ్యే చోటు చుట్టూ సన్నని తంతువులు, నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియా కణాలు కలిసి ఒక టోపీలా దట్టంగా కమ్ముకుని ఉంటాయి. 1963లో తారో ఫురుకవా, ఎడ్విన్ ఫర్ష్‌పాన్ ఆ టోపీ లోపల ఒక వింత చూపించారు. అక్కడి నిరోధక నాడీకణాలు రసాయనం విడుదల చేయకముందే, తమ విద్యుత్ క్షేత్రంతోనే మౌథ్నర్ కణాన్ని అణచిపెట్టగలవు. రెండు కణాలూ ఒకేసారి రగిలితే రెండు పక్కల కండరాలూ ముడుచుకుని చేప ఎటూ కదలలేదు. అందుకే ఒక వైపు కణం గెలిచిన మరుక్షణం అవతలిదాన్ని అణచే ఏర్పాటు తప్పనిసరి, ఆ అణచివేత కూడా రగిలినంత వేగంగానే జరగాలి. నాకు ఈ కణంలో అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది ఈ అణచివేతే. కణం పెద్దదని అందరూ చెబుతారు, అది తొందరపడి రగలకుండా దాని చుట్టూ పెట్టిన కాపలా సంగతి పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది.

ఇప్పుడు రుజువుల మాట. 1977లో స్టీవెన్ జోట్టోలి స్వేచ్ఛగా ఈదుతున్న గోల్డ్‌ఫిష్‌లో ఈ కణం పక్కన ఎలక్ట్రోడ్ ఉంచి, చేప ఉలిక్కిపడిన ప్రతిసారీ దానికి ముందు ఈ కణం రగులుతోందని చూపించాడు. అలాగైతే కణాన్ని తీసేస్తే చేప ఉలిక్కిపడడం ఆగిపోవాలి. కానీ అలా పూర్తిగా ఆగలేదు. రాబర్ట్ ఈటన్ బృందం 1980ల్లో చేసిన ప్రయోగాల్లో మౌథ్నర్ కణం లేని గోల్డ్‌ఫిష్ కూడా సీ ఆకారంలో వంగి తప్పించుకుంది, కాకపోతే కొంచెం ఆలస్యంగా. దీనికి కారణం 1999లో కె. ఎస్. లియు, జోసెఫ్ ఫెచో చేసిన ప్రయోగంతో స్పష్టమైంది. పారదర్శకంగా ఉండే జీబ్రాఫిష్ పిల్లల్లో లేజర్‌తో ఎంచుకున్న కణాలను మాత్రమే చంపి చూస్తే, మౌథ్నర్ కణానికి వెనకాల మజ్జాముఖంలోనే ఉన్న మరో రెండు జతల కణాలు అదే కుటుంబానికి చెందినవని, తోక మీద తాకినప్పుడు మౌథ్నర్ కణం ఒక్కటే ముఖ్యమైతే, తల మీద తాకినప్పుడు మూడు జతలూ కలిసి పనిచేస్తాయని తేలింది. కాబట్టి పరీక్షలో ఎవరైనా మౌథ్నర్ కణం చేప తప్పించుకోవడానికి ఆజ్ఞ ఇచ్చే ఏకైక కణం అని రాస్తే నేను పూర్తి మార్కులు వేయను. అతి తక్కువ కాలంలో మొదటి మలుపు తిప్పే బృందానికి అది నాయకుడు, అంతవరకే రుజువైంది. ఆ తర్వాత ఎటు ఈదాలి, ఎంత దూరం పోవాలి అన్నది మిగతా మెదడు చూసుకుంటుంది.

ఈ తేడా తుంగభద్రలో వల వేసేవారికి అనుభవంలో తెలిసినదే. సుంకేసుల దిగువన పుట్టిలో వెళ్లే జాలర్లు నీళ్లలో నిలువుగా వల కట్టి, అవతలి పక్క నుంచి కర్రతో నీటిని చప్పుడయ్యేలా కొడుతూ చేపలను వల వైపు తోలుతారు. మొదటి దెబ్బకు చేప ఎదురు దిక్కుకు మళ్లుతుంది. అదే చోట అదే తీరుగా కొడుతూ పోతే కొద్దిసేపటికి చేపలు పట్టించుకోవు. ఒకే ఉద్దీపన పదేపదే వస్తే సీ-స్టార్ట్ తగ్గిపోతుందని ప్రయోగశాలల్లోనూ నమోదైంది, అందుకు మౌథ్నర్ కణం మీది నిరోధం పెరగడం ఒక కారణం. ఇక విసురు వల చుట్టూ ఉన్న సీసపు గుళ్లు అన్ని దిక్కులా ఒకేసారి నీటిని తాకుతాయి. చేప మొదటి ఊపులో సాధించేది సుమారు తన ఒంటి పొడవంత దూరమే కాబట్టి, వల పరిధి దాటాలంటే అది చాలదు.

శబ్దం అనే మాటకు ఇక్కడ ఒక చిన్న వివరణ కావాలి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు వంటి కార్పు చేపల్లోనూ, జెల్లలు, మార్పులు, వాలుగ వంటి క్యాట్‌ఫిష్ జాతుల్లోనూ వాతాశయానికి, అంటే కడుపులో కనిపించే తెల్లని గాలి తిత్తికి, లోపలి చెవికి మధ్య చిన్న ఎముకల వరుస ఒకటి ఉంటుంది. 1820లో దాన్ని వివరించిన ఎర్నెస్ట్ వెబర్ పేరుతో వాటిని వెబర్ ఎముకలంటారు. నీటిలోని శబ్దానికి తిత్తి కంపించి, ఆ కంపనం ఈ ఎముకల ద్వారా నేరుగా చెవికి చేరుతుంది. కొర్రమీనుకు, తిలాపియాకు ఈ ఏర్పాటు లేదు. చెరువు గట్టు మీద నడిచే అడుగుల చప్పుడుకు శీలావతి ముందుగా చెదిరిపోవడానికి ఇదీ ఒక కారణం.

వేగానికి చేప చెల్లించే ధర కూడా ఉంది. ముందే నిర్ణయమైన మలుపు కాబట్టి అది ఎటు తిరుగుతుందో శత్రువు ఊహించగలదు. ఆగ్నేయాసియాలోని ఎర్పెటాన్ అనే నీటిపాము ముక్కు మీద రెండు చిన్న కొమ్ముల్లాంటి తీగలతో, మెడ వంచి కదలకుండా వేచి ఉంటుంది. 2009లో కెన్నెత్ కటానియా దాన్ని వేగంగా చిత్రీకరించి చూస్తే, చేప పాము తలకూ శరీరానికీ మధ్యకు రాగానే పాము ముందుగా తన ఒంటిని కొద్దిగా కదిలిస్తోంది. ఆ కదలికకు బెదిరిన చేప సీ-స్టార్ట్‌తో ఎదురు దిక్కుకు, అంటే సరిగ్గా పాము నోటి వైపుకు తిరుగుతోంది. నోట్లోకి రాబోయే చేప తల ఎక్కడ ఉంటుందో ముందే లెక్కగట్టి కాటు వేయడం కూడా ఆయన నమోదు చేశాడు. ఒక కణం పని ఇదీ అని చెప్పడానికి దాన్ని దొంగదెబ్బ తీసే జీవి ఒకటి పరిణామంలో పుట్టిందన్నది నా దృష్టిలో ప్రయోగశాల రుజువుకు తీసిపోని సాక్ష్యం.

ఈ కణాన్ని కేవలం భయానికి సంబంధించినదిగా చూడడమూ సరికాదు. నోటితో నీటిని చిమ్మి పురుగును కొట్టే ఆర్చర్‌ఫిష్, పురుగు ఎక్కడ పడబోతోందో అంచనా వేసి దాని వైపు ఇదే తరహా సీ మలుపుతో దూసుకెళుతుందని 2007లో జర్మనీ పరిశోధకులు చూపించారు. తిలాపియా బంధువైన ఒక ఆఫ్రికా సిక్లిడ్ చేపలో, గుంపులో పెత్తనం చేసే మగచేపలు అణిగి ఉండే మగచేపల కన్నా ఎక్కువగా ఉలిక్కిపడతాయని 2010లో తేలింది. మెరిసే రంగులతో అందరికీ కనిపించే చేపకు వేటాడే పక్షి ముప్పు ఎక్కువ కాబట్టి అలా ఉండవచ్చు. తోక ఉన్నంతకాలం కప్ప లార్వాలకు కూడా మౌథ్నర్ కణాలుంటాయి కాబట్టి ఇది చేపల సొంతం అనడం కూడా పూర్తిగా ఒప్పు కాదు.

ఇక మీరు పటంలో గీసిన శాకస్ వాస్క్యులోసస్ దగ్గరకు వద్దాం. మెదడు అడుగున హార్మోన్లను అదుపు చేసే హైపోథాలమస్ కింద, పీయూష గ్రంథికి వెనకాల, రక్తనాళాలు దట్టంగా అల్లుకుని ఎర్రగా కనిపించే పలుచని సంచి అది. సంచి గోడలో ఉండే ముఖ్య కణాలను కరోనెట్ కణాలంటారు. కణం పైకొస మస్తిష్క మేరుద్రవంలోకి పొడుచుకుని ఉంటుంది, దాని మీది సీలియాలు మామూలు కేశాల్లా సన్నగా ఉండకుండా కొసన ఉబ్బి, మల్లెమొగ్గల గుత్తిలా కనిపిస్తాయి. ఈ ఆకారం చూసినవారెవరికైనా ఇది ఏదో గ్రహించే కణమే అనిపిస్తుంది. 1910లో కె. డబ్ల్యూ. డామ్మర్‌మాన్, లోతు నీళ్లలో తిరిగే చేపల్లో ఈ సంచి బాగా పెరిగి ఉండడం గమనించి, ఇది నీటి లోతును, అంటే ఒత్తిడిని తెలుసుకునే అవయవం అని ప్రతిపాదించాడు. మరికొందరు మేరుద్రవంలో లవణాల పాళ్లను సరిచేసే కణాలివి అన్నారు. శతాబ్దం పాటు ఈ వాదాలు సాగాయి, ఏదీ నిర్ణయాత్మకంగా తేలలేదు.

2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో తకాషి యోషిమురా బృందం మసు సాల్మన్ చేప మీద చేసిన పని ఈ చర్చను మలుపు తిప్పింది. ఈ చేప పగటి కాలం తగ్గే రోజుల్లో జననాంగాలను పెంచుకుంటుంది. కరోనెట్ కణాల్లో కాంతిని గ్రహించే ఆప్సిన్ ప్రోటీన్లు, థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను భాగం, థైరాయిడ్ హార్మోనును చురుకైన రూపానికి మార్చే ఎంజైము, మూడూ ఒకే కణంలో ఉన్నాయని వారు కనుగొన్నారు. అంటే వెలుతురును కొలవడం, దాన్ని హార్మోను భాషలోకి మార్చడం రెండూ ఒకే చోట జరిగే వీలుంది. సంచిని శరీరం నుంచి వేరుచేసి గాజు పాత్రలో ఉంచినా పగటి పొడవు మార్పుకు అది స్పందించింది. బతికిన చేపలో ఆ సంచిని తీసేస్తే, పగటి కాలం తగ్గినా వృషణాల పెరుగుదల జరగలేదు. నమోదు, తొలగింపు రెండూ ఉన్న మంచి రుజువు ఇది.

అయినా అన్ని చేపల్లో దీని పని ఇదే అని రాయవద్దు. జీబ్రాఫిష్‌కు, మెడకా అనే చిన్న చేపకు ఈ సంచే లేదు, కానీ అవి కూడా కాలాన్ని బట్టి గుడ్లు పెట్టగలవు. మరోవైపు డామ్మర్‌మాన్ గమనించిన చిక్కు అలాగే ఉంది. సూర్యకాంతి చేరని లోతుల్లో బతికే చేపకు పగటి పొడవు కొలిచే అవయవం అంత పెద్దది ఎందుకు? ఒకే కణం వేర్వేరు జాతుల్లో వేర్వేరు పనులకు వాడుకలోకి వచ్చి ఉండవచ్చన్నది నా అభిప్రాయం. మీరు గీసిన సొరచేపలో దాని పని ఏమిటి అని పరీక్షలో వస్తే, సాల్మన్ ప్రయోగాన్ని పేర్కొని, సొరచేపకు అది వర్తిస్తుందని ఖాయం చేయకుండా రాయడమే నిజాయితీ గల సమాధానం. మెదడు వెలుతురును నేరుగా చూడగలదన్న సంగతి మాత్రం కొత్తది కాదు. 1911లోనే కార్ల్ ఫాన్ ఫ్రిష్, కళ్లు తీసేసిన మిన్నో చేపల నడినెత్తిన కాంతి పడితే వాటి చర్మం రంగు మారుతోందని చూపించాడు.

మన ప్రాంతంలో చేపల పెంపకం మీద రోజూ ప్రభావం చూపే మెదడు కణాలు మాత్రం ఇవేవీ కావు, అవి హైపోథాలమస్‌లోని డోపమిన్ కణాలు. క్షీరదాల్లో హైపోథాలమస్ హార్మోన్లు ప్రత్యేక రక్తనాళాల ద్వారా పీయూష గ్రంథికి చేరతాయి. ఎముక చేపల్లో ఆ రక్తనాళాల దారి లేదు, నాడీతంతువులే నేరుగా గ్రంథి లోపలికి వెళ్లి ముగుస్తాయి. ఒక తంతువుల గుంపు విడుదల చేసే గొనాడోట్రోపిన్ రిలీజింగ్ హార్మోను గుడ్లు పెట్టించే దిశగా తోస్తుంది. మరో గుంపు విడుదల చేసే డోపమిన్ దాన్ని ఆపి ఉంచుతుంది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ పీటర్ బృందం గోల్డ్‌ఫిష్ మెదడులో ఆ డోపమిన్ కణాలున్న చోటును దెబ్బతీస్తే గొనాడోట్రోపిన్ ఒక్కసారిగా పెరిగిందని చూపించింది. తర్వాత ఆయన, చైనాకు చెందిన లిన్ హావోరన్ కలిసి, విడుదల హార్మోను నకలును, డోపమిన్‌ను అడ్డుకునే మందును కలిపి ఇచ్చే పద్ధతిని రూపొందించారు. దాన్ని లిన్‌పే పద్ధతి అంటారు.

కర్నూలు, కడప జిల్లాల్లో హేచరీకి వెళ్లినవారికి ఓవాప్రిమ్ సీసా తెలిసే ఉంటుంది. అందులో ఉన్నవి ఈ రెండే, సాల్మన్ విడుదల హార్మోను నకలు, డోపమిన్‌ను అడ్డుకునే డోంపెరిడోన్. శీలావతి ఆడచేపకు కిలో బరువుకు 0.3 నుంచి 0.4 మిల్లీలీటరు, బొచ్చెకు 0.4 నుంచి 0.5, మగచేపకు 0.1 నుంచి 0.2 చొప్పున ఇస్తారు. నిలవ నీటి చెరువులో గుడ్లతో నిండిన కడుపుతో తిరిగినా పెట్టని చేప, ఆ సూది వేసిన రాత్రికే గుడ్లు విడుస్తుందంటే, మెదడులో అప్పటిదాకా ఆపి ఉంచిన కణాలు ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. తొలగింపు పరీక్ష ఇక్కడ మందుతో జరుగుతోంది, అదీ ప్రతి వర్షాకాలం వందల హేచరీల్లో.

ఈ సీసాలు రాకముందు పీయూష గ్రంథి రసమే వాడేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం ఆ పద్ధతితో కార్పు చేపలను విజయవంతంగా గుడ్లు పెట్టించింది కాబట్టే ఆ తేదీని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాం. గ్రంథి తీసే పని చూడదగినది. కపాలం పైకప్పును పలుచగా చెక్కి, చుట్టూ ఉన్న కొవ్వును దూదితో తుడిచి, మెదడును ముందు వైపు నుంచి మెల్లగా పైకి ఎత్తితే, కార్పుల్లో గ్రంథి మెదడుతో పాటు రాకుండా కపాలపు అడుగు గుంటలో పలుచని పొర కింద తెల్లని గింజలా మిగిలిపోతుంది. ఆ పొరను సూదితో చీల్చి, గ్రంథి నలగకుండా తీసి, వెంటనే నీరులేని ఆల్కహాల్‌లో వేయాలి. మెదడుకూ గ్రంథికీ మధ్య ఎంత సన్నని కాడ ఉందో, ఆ కాడలోంచే పైన చెప్పిన తంతువులన్నీ దిగుతున్నాయో ఆ సమయంలో కళ్లారా అర్థమవుతుంది.

ఎదిగిన చేప మెదడులో అన్నిచోట్లా కనిపించే మరో ప్రత్యేకత రేడియల్ గ్లియా. క్షీరదాల్లో ఇవి పిండదశలో నాడీకణాలను పుట్టించి, తర్వాత చాలావరకు కనుమరుగవుతాయి. చేపల్లో జీవితాంతం నిలిచి ఉంటాయి. ఎదిగిన జీబ్రాఫిష్ మెదడులో కణవిభజన జరిగే ప్రాంతాలు 16 దాకా ఉన్నాయని 2006లో లెక్కించారు. మెదడుకు గాయమైతే ఈ కణాలే విభజన చెంది కొత్త నాడీకణాలను ఇస్తాయి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మైఖేల్ బ్రాండ్ బృందం 2012లో చూపించిన విషయం నాకు బాగా నచ్చుతుంది. మనకు హాని చేస్తుందనుకునే వాపు ప్రక్రియే చేపలో ఈ మరమ్మతును మొదలుపెడుతుంది, వాపును మందుతో తగ్గిస్తే కొత్త కణాల పుట్టుక తగ్గిపోతుంది. ఈ గ్లియా కణాల్లోనే ఆరోమటేజ్ అనే ఎంజైము ఎక్కువగా ఉండి, పురుష హార్మోనును ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. చేప మెదడులో ఈ ఎంజైము చురుకుదనం క్షీరదాల మెదడులో కన్నా వందల రెట్లు ఎక్కువ. అది కొత్త కణాల పుట్టుకకు, లింగ మార్పిడికి ఎలా తోడ్పడుతుందన్నది ఇంకా వాదనలోనే ఉంది, కానీ ఆ జన్యువుకు మెరిసే ప్రోటీన్‌ను జోడించిన జీబ్రాఫిష్ పిల్లలను నీటిలో ఈస్ట్రోజెన్ తరహా కాలుష్యాన్ని పసిగట్టడానికి వాడుతున్నారు.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. ఎముక చేపల అనుమస్తిష్కంలో, అంటే కదలికలను సరిదిద్దే వెనక మెదడు భాగంలో, మనకున్నట్టు సమాచారాన్ని బయటకు పంపే లోపలి కణసమూహాలు ఉండవు. వాటి బదులు యూరీడెండ్రాయిడ్ కణాలు, అక్కడి ముఖ్య కణాలైన పర్కింజి కణాల పక్కనే ఉండి సమాచారాన్ని బయటకు పంపుతాయి. ముందుమెదడు, మధ్యమెదడు కలిసే చోట పైకప్పులో ఉన్న కణాలు స్రవించే రైస్నర్ తీగ మేరుద్రవంలో వెన్నుపాము చివరిదాకా సాగుతుంది. అది ఏర్పడని జీబ్రాఫిష్ పిండంలో ఒళ్లు నిటారుగా రాకుండా కిందికి వంగిపోతుందని 2018లో తేలింది. మెదడు పొరల్లో రక్తనాళాలను ఆనుకుని, రక్తనాళం కాకుండా విడివిడిగా ఉండే లింఫ్ తరహా కణాలను 2017లో మూడు బృందాలు వేర్వేరుగా వివరించాయి. అవి ద్రవంలోని వ్యర్థ పదార్థాలను లోపలికి తీసుకుంటాయి. అంతకు మించి ఏం చేస్తాయన్నదానికి పైన పెట్టుకున్న కొలమానంతో చూస్తే ఇంకా చాలా పని మిగిలి ఉంది.

చివరిగా లాబు సంగతి. 2014లో యూజీసీ డిగ్రీ జువాలజీలో జంతువుల కోతలను ఆపమని చెప్పింది కాబట్టి, సొరచేపను తెప్పించి కోయడం గురించి ఆలోచించకండి. మార్కెట్లో చేపలు శుభ్రం చేసేవారిని అడిగితే తాజా శీలావతి తలను ఇస్తారు. దాని నుంచి గ్రంథి తీయడం, వెబర్ ఎముకలను వెతకడం మీ లెక్చరర్ అనుమతితో చేయవచ్చు. వెబర్ ఎముకలు కావాలంటే తల వెనక మొదటి వెన్నుపూసలు కూడా కలిసి ఉండేలా కొంచెం వెనక్కి కోయమని చెప్పాలి. మౌథ్నర్ కణాన్ని చూడాలంటే మెదడును పలుచని పొరలుగా కోసి రంగు పట్టించే పరికరం కావాలి, అది చాలా కాలేజీల్లో ఉండదు. దాని పని చూడడం మాత్రం తేలిక. అక్వేరియం దుకాణంలో జీబ్రా డానియో పేరుతో అమ్మే జీబ్రాఫిష్‌ను గాజు తొట్టిలో కాసేపు స్థిమితపడనిచ్చి, ఫోన్‌ను సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో పైనుంచి పెట్టి, తొట్టి ఉన్న బల్లను ఒక పక్క నుంచి ఒక్కసారి తట్టండి. ఒక్కో ఫ్రేముకు 4 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది కాబట్టి సీ ఆకారం నాలుగైదు ఫ్రేముల్లో ముగుస్తుంది, అందుకే వీడియోను ఒక్కో ఫ్రేము చొప్పున జరుపుతూ చూడాలి. తల ఏ వైపు నుంచి వచ్చిన చప్పుడుకు ఏ వైపుకు తిరిగిందో రాసుకోండి. వెంటవెంటనే తట్టితే చేప అలవాటు పడిపోతుంది, అందుకని తట్టుకూ తట్టుకూ మధ్య కొన్ని నిమిషాలు వదలండి.